కంచె లోపలి భద్రత, కంచె బయటి భద్రత

తెలుగులో సెక్యూరిటీకీ సేఫ్టీకీ మనం ఒకే మాట వాడుతున్నాం. రెండూ 'భద్రతే'. గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే మనిషి పని భద్రత. గొట్టం పగిలి విషవాయువు బయటికొస్తే జనం ప్రాణాలు నిలబెట్టే ఏర్పాటు కూడా భద్రతే. మాట ఒకటే అయినా ఈ రెండింటి చరిత్ర ఒకటి కాదు. ఫ్యాక్టరీని మనుషుల నుంచి కాపాడే చట్టం ముందు వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ బతికే మనుషులను ఫ్యాక్టరీ నుంచి కాపాడే చట్టం దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, వేల ప్రాణాలు పోయాక వచ్చింది. గనులు, విద్యుత్ కేంద్రాలు, రసాయన కర్మాగారాలు మన గూడేల పక్కనే లేచాయి గనుక ఈ చరిత్ర మన పిల్లలకు తెలియాలి.

మొదటి కథ రాంచీలో మొదలవుతుంది. ఉక్కు కర్మాగారాలకు కావలసిన పెద్ద పెద్ద యంత్రాలు దేశంలోనే తయారు చేయాలని కేంద్ర ప్రభుత్వం 1958 చివర్లో హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్‌ను స్థాపించింది. దాని కోసం రాంచీ పక్కన హటియా ప్రాంతంలో ముండా, ఉరావ్ ఆదివాసీల ఊళ్లనూ పొలాలనూ తీసుకున్నారు. 1964లో ఆ కర్మాగారంలో పెద్ద అగ్ని ప్రమాదం జరిగింది. కారణం తేల్చడానికి జస్టిస్ బి. ముఖర్జీ కమిషన్‌ను వేశారు. ప్రభుత్వ రంగ పరిశ్రమలను కాపాడడానికి ప్రత్యేకంగా ఒక దళం ఉండాలన్న ఆలోచన ఆ విచారణ నుంచే బలపడింది. 1968లో పార్లమెంటు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చట్టం చేసింది. 1969 మార్చి 10న మూడు బెటాలియన్లతో, సుమారు మూడు వేల మందితో ఆ దళం పని మొదలుపెట్టింది. మనం సి.ఐ.ఎస్.ఎఫ్. అని పిలిచేది దీన్నే.

ఆ చట్టం దళానికి గట్టి అధికారాలే ఇచ్చింది. పరిశ్రమ ఆస్తికి సంబంధించిన నేరం చేశాడని అనుమానం ఉన్న మనిషిని వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, వారెంటు లేకుండా సోదా చేయవచ్చు. 1983లో చట్టాన్ని సవరించి దీన్ని కేంద్ర సాయుధ దళంగా మార్చారు. 2009 సవరణతో ప్రైవేటు సంస్థలకు కూడా డబ్బు తీసుకుని కాపలా ఇచ్చే వీలు కల్పించారు. ఇప్పుడు దళంలో లక్షన్నరకు పైగా సిబ్బంది ఉన్నారు. వాళ్లు చేసే పని అవసరం లేనిదేమీ కాదు. 1970లో కొచ్చి దగ్గరి ఎరువుల కర్మాగారంలో ఈ దళం అగ్నిమాపక విభాగాన్ని కూడా మొదలుపెట్టింది. అయితే ఆ చట్టం చూసేది ఆస్తి వైపు. లోపలికి ఎవరు వస్తున్నారు, బయటికి ఏం పోతోంది అన్నది దాని ప్రశ్న. లోపలి నుంచి గాలిలోకి, వాగులోకి ఏం వస్తోంది అన్నది దాని ప్రశ్న కాదు.

మరి ఆ రెండో ప్రశ్న ఎవరు అడగాలి? ఫ్యాక్టరీల చట్టం మనకు 1881లోనే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో దాన్ని కొత్తగా రాశారు. పని గంటలు, యంత్రాలకు అడ్డుకట్టలు, గాలి వెలుతురు, మంచినీళ్లు వంటివన్నీ అందులో ఉన్నాయి. అవన్నీ గేటు లోపల పనిచేసే కార్మికుల కోసం. గేటు బయట గుడిసె వేసుకుని ఉన్న మనిషి ఆ చట్టానికి కనబడలేదు.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు సుమారు 40 టన్నులు బయటికి వచ్చింది. గోడ పక్కన బస్తీల్లో నిద్రపోతున్న పేదలు ముందుగా చనిపోయారు. ప్రభుత్వం మొదట చెప్పిన లెక్కే రెండు వేలు దాటింది, తర్వాత అది ఇంకా పెరిగింది. బయటి జనం కోసం పెట్టిన సైరన్‌ను కాసేపు మోగించి ఆపేశారు. లోపల ఏ రసాయనం ఉందో, అది ఒంటికి తగిలితే ఏం చేయాలో బస్తీ జనానికి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. ఏ వైద్యం చేయాలో ఆసుపత్రిలో డాక్టర్లకే తోచలేదు. తడిగుడ్డ ముఖానికి కట్టుకుని గాలికి అడ్డంగా పక్కకు పోవాలన్న ఒక్క మాట ముందే తెలిసి ఉంటే చాలామంది బతికేవారు.

ఆ తర్వాతే చట్టాలు కంచె దాటి బయటికి చూశాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర పరిశ్రమల గురించి ఒక కొత్త అధ్యాయం చేర్చారు. ఏ ప్రమాదం ఉందో, వస్తే ఏం చేయాలో కార్మికులతోపాటు చుట్టుపక్కల జనానికి కూడా యాజమాన్యం చెప్పి తీరాలన్నది అందులో ముఖ్యమైన మాట. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు దీన్ని మరింత వివరంగా రాశాయి. పెద్ద ప్రమాదానికి అవకాశమున్న ప్రతి కర్మాగారానికీ రెండు ప్రణాళికలు ఉండాలి. లోపలి ప్రణాళిక యాజమాన్యానిది. బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది. బయటి ప్రణాళికను ఏడాదికి ఒకసారైనా డ్రిల్ చేసి పరీక్షించాలి. 1991 చట్టం బాధితులకు వెంటనే సాయం అందేలా బీమా తప్పనిసరి చేసింది. 1996 నియమాలు జిల్లా స్థాయిలోనూ స్థానికంగానూ సంక్షోభ బృందాలు ఏర్పాటు చేయమన్నాయి. స్థానిక బృందంలో కర్మాగారానికి దగ్గరి ఊరి సర్పంచికి లేదా ఊరి పెద్దకు చోటుంది. ఆ చోటు తమకుందని మన సర్పంచుల్లో ఎందరికి తెలుసు?

ఇదంతా దూరపు సంగతి కాదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వాపురం మండలంలో, గోదావరి ఒడ్డున, మణుగూరు భారజల కర్మాగారం ఉంది. 1991లో ఉత్పత్తి మొదలైంది. అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన భారజలం అక్కడ తయారవుతుంది. అది అణుశక్తి శాఖ సంస్థ, దేశానికి కీలకమైనది, కాబట్టి కాపలా గట్టిగా ఉంటుంది. చుట్టూ ఉన్నవి షెడ్యూల్డ్ ప్రాంతపు ఊళ్లు, కోయ గూడేలు. అక్కడ భారజలం తీసే పద్ధతిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును వాడతారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే విషవాయువు అది. గాలి కంటే బరువు గనుక పల్లంలో, వాగు గట్ల కింద నిలుస్తుంది. మోతాదు ఎక్కువైతే ముక్కు వాసన పట్టే శక్తినే పోగొడుతుంది. అంటే వాసన ఆగిపోయిందంటే ప్రమాదం తప్పిపోయిందని అర్థం కాదు, పెరిగి ఉండవచ్చు. ఇలాంటి సంగతి ఆ చుట్టుపక్కల ప్రతి బడిపిల్లకూ, మేకలు కాసే ప్రతి ముసలమ్మకూ తెలిసి ఉండాలి. అణుశక్తి శాఖ సంస్థల్లో ఫ్యాక్టరీల చట్టం అమలు చూస్తూ వచ్చింది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. కంచె బయటి ప్రణాళిక మాత్రం జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది. ఎవరిని ఏం అడగాలో తెలియాలంటే ఈ తేడా తెలియాలి.

చట్టం కాగితం మీద ఉంటే చాలదని విశాఖపట్నం చూపించింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీదికి పాకింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఊరిని హెచ్చరించే సైరన్ మోగలేదు. భోపాల్ జరిగి ముప్పై అయిదేళ్లు దాటింది, నియమాలన్నీ అమలులో ఉన్నాయి, అయినా నిద్రలో ఉన్న జనానికి కబురు అందలేదు. అదే ఏడాది పార్లమెంటు ఫ్యాక్టరీల చట్టంతో సహా 13 కేంద్ర చట్టాలను వృత్తిపర భద్రత కోడ్‌లో కలిపింది. చట్టాల పేర్లు మారుతుంటాయి. చుట్టుపక్కల జనానికి తెలిసే హక్కు ఏ పేరు కిందైనా మిగిలి ఉందా లేదా అని మనమే చూసుకోవాలి.

'ఇది కీలక సంస్థ, భద్రత కారణంగా చెప్పలేం' అనే జవాబు మనకు కొత్త కాదు. కాపలా ఏర్పాట్ల గురించి అయితే ఆ జవాబు సరే. ఏ వాయువు వస్తుంది, సైరన్ ఎలా మోగుతుంది, ఏ దారిన పోవాలి, ఎక్కడ చేరాలి అన్నవి మాత్రం రహస్యాలు కావు. అవి అడగకముందే చెప్పాల్సినవని నియమాలే అంటున్నాయి.

అందుకని ఉపాధ్యాయులకు ఒక మాట. మీ బడికి దగ్గర్లో ఇలాంటి కర్మాగారం ఉంటే సైన్సు పాఠంలో ఆ వాయువు గురించి చెప్పండి. గాలి వాలు చూడడం మన పిల్లలకు వేటలోనూ పోడులోనూ వచ్చిన విద్యే, దానికి ఈ కొత్త అవసరాన్ని జోడించండి. యువకులకు ఇంకో మాట. 1996 పెసా చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలి. ఆ సభలో పరిహారం గురించీ ఉద్యోగాల గురించీ అడుగుతున్నాం, అడగాలి కూడా. దాంతోపాటు బయటి ప్రణాళిక మన ఊరి గురించి ఏం చెబుతోంది, చివరి డ్రిల్ ఎప్పుడు జరిగింది, సైరన్ మన గూడెం దాకా వినిపిస్తుందా అని కూడా అడగండి. జవాబును రాతలో తీసుకుని పంచాయతీ గోడ మీద తెలుగులోనూ, మన భాషలోనూ రాయించండి.