ఐదు వరహాల లెక్క

దసరా పాటలో పిల్లలు తమకు పప్పుబెల్లాలు చాలంటారు, అయ్యవారికి మాత్రం వరహాలు అడుగుతారు. ఎన్నో కూడా పాటే చెబుతుంది: ఐదు. దాన్ని లెక్కలోకి దింపి చూడండి. 1818లో కంపెనీ దొరతనం మద్రాసు రాజధానిలో వరహాను పక్కనపెట్టి రూపాయిని ఖాయం చేసినప్పుడు నూరు వరహాలకు మూడువందల యాభై రూపాయలని కట్టింది. ఆ చొప్పున ఐదు వరహాలంటే పదిహేడున్నర రూపాయలు. బడిపంతుళ్ల సంపాదన సాధారణంగా నెలకు ఆరేడు రూపాయలు మించదని 1826 మార్చిలో గవర్నరు థామస్ మన్రో రాసి పెట్టాడు. అంటే పిల్లలు ఒక్కో గుమ్మం ముందు నిలబడి అడుగుతున్నది తమ పంతులుగారి రెండున్నర నెలల రాబడి!

ఏ గుమ్మమూ అంత ఇవ్వలేదనుకోండి. మా తాతయ్య దివిసీమలో అరుగు మీద వీధిబడి పెట్టుకుని బతికినవాడు. దసరాకు ఆయనకు దక్కింది బేడ, పావలా, మహా అయితే అర్ధరూపాయి. కలిగినవాళ్లింట పంచెలచాపు, లేనివాళ్లింట సోలెడు బియ్యం. జిల్లా బోర్డు బడి వచ్చి ఆ అరుగు ఖాళీ అయ్యాక కూడా దసరా వస్తే ఆ ముచ్చట్లే చెప్పేవాడని మా నాన్న అనేవాడు.

దసరాకు వెదురుబద్దలు వంచి విల్లంబులు చేసేవారు. వాటికి రంగుకాగితాలు అంటించి, వాటి గొట్టంలో బుక్కా పొడి కూరేవారు. నవరాత్రులు పిల్లల్ని వెంటేసుకుని పంతులు ఇల్లిల్లూ తిరిగేవాడు. పాట అయ్యాక బుక్కా చల్లడం, తరవాత పప్పుబెల్లాలు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. మా నాన్న ఇంకో సంగతి చెప్పేవాడు. పాట అవగానే ఇంటి పెద్ద ఊరుకునేవాడు కాదు. గుంపులోంచి ఒకణ్ణి ముందుకు రమ్మని పద్యం చదవమనేవాడు, పదమూడో ఎక్కం అప్పజెప్పమనేవాడు. బియ్యం కొట్టు షావుకారైతే తన చిట్టా పుస్తకమే వాడి ముందుకు తోసి పద్దులు చదవమనేవాడట. కుర్రాడు తడుముకుంటే పంతులు చేతిలో పడేది అణాకు తగ్గేది. గడగడా చదివితే బేడ పావలా అయ్యేది. అది పండగ మామూలూ, పరీక్షా, జీతమూ కూడా.

బడిపంతులుగా నా ఉద్యోగమంతా గుత్తి, గుంతకల్లు, రాయదుర్గం చుట్టుపక్కలే గడిచింది. ఆ ఊళ్లన్నీ ఒకప్పుడు బళ్లారి జిల్లాలోవి. అందుకే 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక నాకు ఊరివాళ్ల ఉత్తరంలా అనిపిస్తుంది. క్యాంప్‌బెల్ తెలుగు వచ్చినవాడు, 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు. ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో, అందులో ఎందరు చదువుతున్నారో లెక్క తీయమని 1822లో మన్రో కలెక్టర్లందరికీ ఉత్తర్వు పంపితే, చాలామంది పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. ఈయన మాత్రం బడిలో కూర్చుని చూసినట్టు రాశాడు.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు. అందులో కన్నడానివి 235, తెలుగువి 226. మిగతావి మరాఠీ, పారశీ, వేదశాస్త్రాలవి. అరవానివి నాలుగు, ఇంగ్లీషుది ఒక్కటి. పొద్దున్నే ఆరింటికి బడి. అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా చుడతారు. మూడోవాడి నుంచి బెత్తం మొదలు: వాడికి ఒకటి, తరవాతివాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది. మొండికేసినవాణ్ణి రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం కూడా రాశాడు. మన పెద్దలు భయంభయంగా చెప్పే కోదండం అదే.

రాత నేర్పే తీరు మరీ వివరంగా రాశాడు. ముందు నేల మీద ఇసుకలో వేలితో దిద్దడం, తరవాతే తాటాకు, పలక. పలకలు రెండు రకాలు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడుగు చెక్కను నున్నగా చిత్రిక పట్టి అన్నమూ బొగ్గుపొడీ మెత్తి ఆరబెట్టింది ఒకటి. గంజి పెట్టి బిరుసెక్కించిన గుడ్డను పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ బంకా పట్టించింది రెండోది. దాని పేరు కడితం. బలపంతో రాయడం, తడిగుడ్డతో తుడవడం, మళ్లీ రాయడం. ఇసుక, అన్నం, బొగ్గు, పాత గుడ్డ: ఇందులో డబ్బు పెట్టి కొనాల్సింది ఏదీ లేదు. తరగతికి ఒక పంతులు కూడా అక్కర్లేదు. పై తరగతివాడు కింది తరగతివాడికి దిద్దిస్తాడు, దిద్దిస్తూ తన చదువు గట్టిపరుచుకుంటాడు. ఈ పొదుపునూ ఈ పద్ధతినీ క్యాంప్‌బెల్ మనసారా మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబే అన్నాడు.

ఆ అనుకరణ ఎలా జరిగిందంటే, మద్రాసు ఎగ్మూరులో తెల్ల సైనికాధికారుల, సోల్జర్ల అనాథ పిల్లల ఆశ్రమం ఒకటి ఉండేది. 1789 నుంచి దాని పెత్తనం ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడిది. ఒక అరవ తిన్నెబడిలో పిల్లలు ఇసుకలో రాయడం ఆయన కంటబడింది. తన బడిలోనూ అలా నేర్పమంటే కింది పంతుళ్లు మొహం చాటేశారు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాణ్ణి పిలిచి చిన్నపిల్లల్ని వాడికి అప్పజెప్పాడు. వాడు నెగ్గుకొచ్చాడు. బెల్ సీమకు తిరిగివెళ్లి 1797లో ఆ సంగతంతా పుస్తకంగా వేశాడు. పద్ధతికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు వచ్చింది. అక్కడి ధర్మసంఘాలు చందాలు పోగుచేసి పేదపిల్లలకు ఈ పద్ధతిలో బడులు తెరిచాయి. బెల్ తన ఆస్తిలో పెద్ద భాగం బడులకే రాసిచ్చాడు. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఆయన సొమ్ముతో వెలసిన బడి పేరు ఇవాళ్టికీ మద్రాస్ కాలేజీయే.

పద్ధతి ఓడెక్కి వెళ్లి అక్కడ దాతల్ని సంపాదించుకుంది. ఇక్కడ ఉన్న దాతలు ఒక్కరొక్కరే తగ్గిపోయారు. జిల్లాలోని 533 బడుల్లో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని క్యాంప్‌బెల్ రాశాడు. వెనకటి ప్రభువులు విద్యకిచ్చిన మాన్యాలు ఏమయ్యాయని అడిగాడు. సీమ బట్టలు దిగి ఇక్కడి నేతగాళ్ల చేతుల్లో డబ్బు ఆడటం మానేసిందన్నాడు. బడిలో చేరినవాడు నెలకు పావలా కట్టాలి, కాగితం మీద రాసే దశకొస్తే అర్ధరూపాయి. చదివిన పద్యానికి అర్థం చెప్పమంటే పంతులు అడిగేది తల్లిదండ్రుల తాహతుకు మించేది. అందుకని చాలామంది పిల్లలు అర్థం తెలియని పద్యాలు వల్లించి, అక్కడితో బడి మానేసేవారు.

పాతదంతా బంగారమనే మనిషిని కాను. ఆ జిల్లాలో బడికొచ్చేవాళ్లు 6,641 మందైతే, అందులో ఆడపిల్లలు అరవైమంది. మా తాతయ్య విల్లంబులు ఊరి నడివీధుల్లోనే తిరిగాయి, వాడల వైపు పోలేదు. ఆ పిల్లలకు అరుగే లేనప్పుడు దసరా ఎక్కడిది? 1826లోనే మన్రో కలెక్టరేటు బడికి నెలకు పదిహేను రూపాయలు, తాలూకా బడికి తొమ్మిది రూపాయలు జీతమిచ్చి పంతుళ్లను పెట్టాలని తలపెట్టాడు. మరుసటేడు, 1827లో, పత్తికొండలో కలరా తగిలి పోయాడు. ఆయన బడులు 1836లో ఎత్తేశారు. ఆ తరవాత ఎన్నో దశాబ్దాలకు గాని అందరి పిల్లలకూ తలుపు తెరిచిన బడి రాలేదు. అది సర్కారు బడిగానే వచ్చింది. నేను అందులోనే చదివాను, అందులోనే చెప్పాను.

కానీ సర్కారు జీతం వచ్చాక బడికీ గుమ్మానికీ మధ్య రాకపోకలు తెగిపోయాయి. పంతులు చెయ్యి చాచే అవస్థ తప్పింది, మంచిదే. దానితోపాటు పిల్లాడు చదువుతుంటే ఊరు వినడమూ పోయింది. దానాలకేం కొదవ లేదు. నేను పనిచేసిన బడుల్లో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు తిరిగేవి, నీళ్లట్యాంకు మీద పేరు, గేటు మీద పేరు. ఒక బడికి టిఫిన్ హోటలాయన ఒకరు చెక్క బీరువా, దాని నిండా కథల పుస్తకాలు ఇచ్చారు. పుస్తకం పోతే ఆడిట్లో ఎవరు చెప్పుకోవాలని బీరువాకు తాళం పడింది.

అప్పుడు నేను చేసిందల్లా ఆ హోటలాయన్ని పిలిచి తరగతిలో కూర్చోబెట్టడమే. సన్మానం లేదు, శాలువా లేదు. “ఒక అరగంట పిల్లలు చదువుతారు, వినిపోండి” అన్నాను. ఆయన వెనక బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని విన్నాడు. ఆరో తరగతి పిల్లనొకదాన్ని, “నేనిచ్చిన వాటిలో ఏ పుస్తకం చదివావమ్మా?” అని అడిగాడు. “బీరువా తీయరు సార్” అంది ఆ పిల్ల. నేను నేలచూపులు చూశాను. మర్నాడు వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి బీరువా తలుపులు ఊడదీయించాడు. ఎనిమిదో తరగతివాళ్లను ఆరోవాళ్లకు చదివి వినిపించమని నేను జతలు కట్టాను. క్యాంప్‌బెల్ మెచ్చుకున్న పద్ధతే అది, నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. సంవత్సరాంతానికి పుస్తకాలు కొన్ని చిరిగాయి, కొన్ని కనిపించకుండా పోయాయి. ఆ జాబితా రాసి ఆయన చేతికిచ్చాను. “పోయాయంటే చదివినట్టే కదా పంతులుగారూ” అని, సరిగ్గా ఆ పుస్తకాలే మళ్లీ కొనిచ్చాడు. కదలకుండా ఉన్నవాటి సంగతి అడిగి, అలాంటివి ఇంకెప్పుడూ కొననన్నాడు.