ఎల్లెమ్మెస్ డాక్టరు, హార్వర్డు పీహెచ్‌డీ: మన చెన్నపట్నంలో మొదలైన రెండు డిగ్రీల కథ

ఈసారి వ్యాసం కాస్త పొడుగు, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

ఈ మధ్య మన సభ్యుల ఇళ్ళలో ఒక కొత్త మాట వినిపిస్తోంది: ఎండీ–పీహెచ్‌డీ. డాక్టరు చదువూ, పరిశోధన డిగ్రీ రెండూ ఒకే ప్రోగ్రాంలో చదవడం. అమెరికాలో పుట్టి పెరిగిన మనవలు అప్లై చేస్తున్నారు. ఇక్కడ నీట్ రాసిన పిల్లలూ మనకి కుదురుతుందా అని అడుగుతున్నారు. పెద్దవాళ్ళలో కొందరు "రెండు డిగ్రీలట!" అని మురిసిపోతుంటే, కొందరు "ఎనిమిదేళ్ళా? పెళ్ళెప్పుడు చేస్తాం?" అని దిగులుపడుతున్నారు. ఇలాంటి ప్రోగ్రాం ప్రపంచంలో ఎక్కడా లేని రోజుల్లో ఈ రెండు చదువులూ చదివిన తెలుగువాడి కథ మన సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలో మొదలైంది. ఆయన పేరు మీకందరికీ తెలుసు, యల్లాప్రగడ సుబ్బారావు గారు. పేరు తెలిసినంతగా ఆయన చదువు సంగతి తెలియదని నా అనుమానం.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. బళ్ళో మంచి విద్యార్థేమీ కాదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు, అదీ మన ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో. ర్యాంకులు రాలేదని పిల్లల మీద విరుచుకుపడే తండ్రులు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదువుకుంటే బాగుంటుంది. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. సన్యాసం పుచ్చుకుందామని మనసుపడ్డారు కానీ తల్లి వెంకమ్మగారు ఒప్పుకోలేదు. రామకృష్ణ మఠం వారు కూడా వైద్యం చదివితే సేవ చేసినట్టే కదా అన్నారట. అలా మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చులకు స్నేహితులూ, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ ఆదుకున్నారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్ళయింది.

ఖద్దరు కథ మీరు వినే ఉంటారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు ఆపరేషన్ థియేటర్లో కూడా ఖద్దరు గౌనే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్లెమ్మెస్. మన సభల్లో ఈ కథని దేశభక్తి ఘట్టంగా చెప్పి చప్పట్లు కొట్టించి అక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం అసలు కథ ఆ తర్వాతే ఉందనిపిస్తుంది. ఒక కాగితం మీద మూడక్షరాలు మారితే మనిషి జీవితంలో ఏమేం మారాయో చూడండి.

మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించారు, రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే పనిలో కుదురుకున్నారు. (ఎగ్మూరులో మార్షల్స్ రోడ్డుకి ఇప్పుడున్న రుక్మిణీ లక్ష్మీపతి సాలై అన్న పేరు ఈ లక్ష్మీపతిగారి భార్యదే. రోజూ ఆ రోడ్డు మీద వెళ్ళే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో!) అంతకుముందే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం పలచబడి మనిషి ఎండిపోయే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. డాక్టరు చదువు చదివిన మనిషి సొంత ఇంట్లోనే ఏమీ చేయలేకపోయాడు.

ఉష్ణమండల వ్యాధుల గురించి చదవాలని హార్వర్డుకి రాశారు. ప్రవేశం దొరికింది కానీ డబ్బు లేదు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మిగతాది మామగారు సమకూర్చారు. మూడేళ్ళలో తిరిగొస్తానని గర్భవతిగా ఉన్న భార్యకి చెప్పి, 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరారు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డని చూడనేలేదు. శేషగిరమ్మగారి గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం. ఈ రెండు డిగ్రీలకు ఆవిడ కట్టిన మూల్యం ఏ సర్టిఫికెట్లోనూ కనిపించదు.

బోస్టన్‌లో ఎల్లెమ్మెస్ మళ్ళీ అడ్డొచ్చింది. ఆ డిగ్రీతో ఆసుపత్రిలో డాక్టరుగా నిలబడే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు శుభ్రం చేసే పని చేస్తూ పగలు చదువుకున్నారు. 1924లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా వచ్చింది. ఆ తర్వాత వైద్యం వదిలి ఆటో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలోకి మారారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వచ్చిన ఆ ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతిని మన బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. ఆ కొలమానం చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు పీహెచ్‌డీ వచ్చింది. అప్పటికి ఆయన వయసు 35.

డిగ్రీ వచ్చినా హార్వర్డులో స్థిరమైన ప్రొఫెసర్ పదవి రాలేదు. తోటి పరిశోధకుల సంగతీ అంతే. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ బయటికి రానివ్వకపోవడంతో ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందని, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. 1940లో హార్వర్డు వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళారు. ఎనిమిదేళ్ళు పనిచేశారు, 1948 ఆగస్టులో పోయారు.

ఆ ఎనిమిదేళ్ళలో వచ్చినవి ఇవీ. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకి అది ఇస్తే కోలుకున్నారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు అదే. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను తయారుచేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల మీద వాడి చూశాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ మన వీధి చివరి మందుల షాపులో కీళ్ళవాతానికి కూడా దొరుకుతుంది. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. భీమవరం పిల్లవాడు న్యూయార్క్ రాష్ట్రంలో కూర్చుని తన ఊరి జబ్బుకి మందు పంపాడన్నమాట. అయితే ఇవన్నీ ఆయన ఒక్కరే కనిపెట్టారని మన వాట్సాప్ సందేశాల్లో తిరుగుతుంటుంది, అది సరి కాదు. ఆరియోమైసిన్ తీసింది ఆయన పరిశోధనశాలలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్. సుబ్బారావుగారి గొప్పతనం, ఏ జబ్బుకి ఏ రసాయనం వెతకాలో వైద్యుడి కళ్ళతో చూసి, దాన్ని తీసే దారిని రసాయనవేత్త చేతులతో వేయించడం.

ఈ రెండూ తెలిసిన మనుషులు అనుకోకుండా తయారవడం కాదు, పనిగట్టుకుని తయారుచేయాలి అన్న ఆలోచన ఆయన పోయాక వచ్చింది. క్లీవ్‌లాండ్‌లో ఇప్పుడు కేస్ వెస్టర్న్ రిజర్వ్ అని పిలిచే విశ్వవిద్యాలయం 1956లో ఎండీ, పీహెచ్‌డీ కలిపి చదివించడం మొదలుపెట్టింది. 1964లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ మూడు కాలేజీలకు డబ్బిచ్చి ఈ చదువుని పథకంగా మార్చింది. ఇప్పుడవి యాభైకి పైగా ఉన్నాయి. ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. మామగారి దగ్గరా ధర్మసంస్థ దగ్గరా చెయ్యి చాచే అవసరం లేదు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ 1989లో ఇలాంటిదే మొదలుపెట్టింది.

ఇక్కడ మన పిల్లలకి ఒక ముఖ్యమైన సంగతి. ఎన్‌ఐహెచ్ డబ్బు అమెరికా పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. అక్కడ పుట్టిన మనవరాలికి ఆ తలుపు తెరిచే ఉంది. చెన్నై నుంచి వెళ్ళే అబ్బాయికి, సొంత నిధులతో విదేశీ విద్యార్థుల్ని తీసుకునే కొద్ది కాలేజీలు తప్ప, మూసి ఉంది. సుబ్బారావుగారి రోజుల్లో ఇంకా ఘోరం. భారతీయులు అమెరికా పౌరులు కాకూడదని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1946 చట్టం దాకా అదే నడిచింది. ఆయన చివరిదాకా అక్కడి పౌరుడు కాలేదు.

ఇంకో చిక్కు పేరులోనే ఉంది. అమెరికాలో ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటిది, మొదటి వైద్య డిగ్రీ. మన దగ్గర ఎండీ అంటే ఎంబీబీఎస్ తర్వాత చేసేది. అందుకని ఇక్కడ ఎంబీబీఎస్ ముగించిన పిల్లలకి అక్కడి ఎండీ–పీహెచ్‌డీ సాధారణంగా దారి కాదు. వాళ్ళు నేరుగా పీహెచ్‌డీకో, పరీక్షలు రాసి రెసిడెన్సీకో వెళ్ళాలి. ఈ తేడా చెప్పకుండా ఫీజు పుచ్చుకునే కన్సల్టెన్సీలున్నాయి, జాగ్రత్త. అలాగే ఐఐటీ మద్రాసులో 2023లో వైద్య శాస్త్రాల, సాంకేతిక విభాగం మొదలైంది. నాలుగేళ్ళ బీఎస్ ఉంది, డాక్టర్లకి పరిశోధన డిగ్రీలూ ఉన్నాయి. ఆ బీఎస్ చదివితే డాక్టరు అయిపోరు, డాక్టరు అయినవాళ్ళు అక్కడ పీహెచ్‌డీ చేయొచ్చు. బెంగుళూరు ఐఐఎస్సీ 2022లో ప్రకటించిన వైద్య కళాశాలకైతే ఎండీ–పీహెచ్‌డీ కలిపి చదివించడమే ప్రధాన ఉద్దేశం.

కలిపి చదివే ప్రోగ్రాం లేకుండానే దారి వేసుకున్న ఇంకో తెలుగాయన గురించి క్లుప్తంగా చెప్తాను. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామిగారు విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఎండీ చదివి, 1951లో ఆక్స్‌ఫర్డ్‌లో డీఫిల్ తీసుకున్నారు. హిమాలయ పాదాల్లో కాంగ్రా లోయ జనానికి గొంతు వాచే గాయిటర్ ఎందుకొస్తోందన్నది ఆయన ప్రశ్న. కొన్ని ప్రాంతాలకి అయోడిన్ ఉప్పు, ఇంకొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. అయోడిన్ అందినచోట జబ్బు తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. మీ వంటింటి ఉప్పు డబ్బాలో ఉన్నది ఆ పరిశోధనే. ఆయన తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరూ, ఐసీఎంఆర్ అధిపతీ అయ్యారు. సుబ్బారావుగారు పడ్డ పాట్లు ఈయన పడలేదు. చేతిలో పూర్తి వైద్య డిగ్రీ ఉంది, వెనక్కి వస్తే పని చేయడానికి దేశంలో చోటూ ఉంది.

ఇక అప్లికేషన్ల మాట. అమెరికా మెడికల్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తులో ఎండీ–పీహెచ్‌డీ కోరేవాళ్ళు మామూలు వ్యాసం కాక ఇంకో రెండు రాయాలి. ఒకటి, రెండు డిగ్రీలూ ఎందుకు కావాలో 3,000 అక్షరాల్లో. రెండోది, ఇంతవరకు చేసిన పరిశోధన గురించి 10,000 అక్షరాల దాకా. ఎవరి దగ్గర చేశావు, ఏ ప్రశ్న పట్టుకున్నావు, నీ వంతు పనేమిటి అని అడుగుతారు. మార్కుల పట్టికతో నింపలేని జాగా అది. మన పిల్లలు చాలామంది మొదటి వ్యాసంలో "మానవాళికి సేవ" అని మొదలుపెడతారు. చదివేవాళ్ళకి అలాంటివి వేలల్లో వస్తాయి. స్ప్రూతో అన్నదమ్ములు పోయిన మనిషి ఆ వ్యాసం రాస్తే ఎలా ఉండేదో ఊహించుకోండి. వైద్యం మాత్రమే వస్తే వచ్చిన రోగికి ఉన్న మందు ఇవ్వగలడు. రసాయనం మాత్రమే వస్తే ఏ జబ్బు కోసం వెతుకుతున్నాడో తెలియదు. రెండో డిగ్రీ ఎందుకో చెప్పడానికి ఆయనకి 3,000 అక్షరాలు కూడా అక్కర్లేదు.

ఇంట్లో ఎవరైనా అప్లై చేస్తుంటే మూడు సంగతులు కింద రాయండి: ఏ దేశం, పౌరసత్వం ఏమిటి, ఇప్పటిదాకా ఏ ల్యాబులో ఎన్నాళ్ళు పనిచేశారు. తెలిసినంతవరకు జవాబిస్తాను. మనలో డాక్టర్లూ, శాస్త్రవేత్తలూ ఉన్నారు, వాళ్ళూ ఒక మాట చెప్పాలని నా మనవి. కేవలం "డబుల్ డిగ్రీ వస్తుందిగా" అన్నవాళ్ళకి మాత్రం ముందు ఒక వేసవి సెలవుల్లో ఏదైనా ల్యాబులో పరీక్ష నాళికలు కడిగి రమ్మని చెప్తాను.