స్కోరుకి ఎక్స్‌పైరీ డేటు

మొన్న క్యాంటీన్లో కొత్తగా చేరిన కుర్రాడొకడు అడిగాడు, "అన్నా, ఉద్యోగం చేస్తూ జీఆర్ఈకి చదవడం అయ్యే పనేనా?" అని. అయ్యే పనే. నూట నలభై ఏళ్ళ కిందట మనాయన ఒకరు అంతకంటే కష్టమైన పనే చేశారు. కాకపోతే ఆయనకున్న ఒక వెసులుబాటు మనకి లేదు.

గిడుగు రామమూర్తి గారనగానే మనకి వ్యావహారిక భాష గుర్తొస్తుంది. ఆయన పరీక్షల కథ ఎవరూ పెద్దగా చెప్పుకోరు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మరుసటేడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు, నెలకి 30 రూపాయల జీతం. ఇంక కాలేజీ ఎక్కడ? ప్రైవేటుగా చదువుకుని 1886లో ఎఫ్.ఏ. (మన ఇంటరు లాంటిది) పూర్తిచేశారు. బి.ఏ. సంగతి తేలేసరికి 1890ల మధ్యకొచ్చేశారు. అందులో ఆయన ప్రధాన సబ్జెక్టు చరిత్ర. పగలు పిల్లలకి చెప్పిందీ చరిత్రే. ఈ మధ్యలో ఊరికే కూర్చున్నారా అంటే అదీ లేదు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకునే పని పెట్టుకున్నారు. మనమేమో జిమ్ముకి టైము లేదంటాం.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఆయన ఓపిక ఒక్కటే కాదు. అప్పటి మద్రాసు యూనివర్సిటీ బి.ఏ.ని భాగాలుగా రాసుకోవచ్చు. 1886లో ప్యాసైన ఎఫ్.ఏ. పదేళ్ళ తర్వాత కూడా ఎఫ్.ఏ.నే. మధ్యలో సంసారం, జీతం, సవర భాష, ఏమొచ్చినా అది చెల్లిపోలేదు.

ఇప్పుడు మన సంగతి చూడండి. జీఆర్ఈ 1936లో పుట్టింది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియాలతో కలిసి కార్నెగీ ఫౌండేషన్ మొదలెట్టింది. ఈటీఎస్ 1947లో వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. స్కోరు ఐదేళ్ళు పనికొస్తుంది. గేట్‌ది మూడేళ్ళు, క్యాట్‌ది ఆ ఒక్క ఏడాదే. డిగ్రీ అవగానే నేరుగా పైచదువుకెళ్ళేవాడికి ఐదేళ్ళు బోలెడు. ఇంటి బాధ్యతలున్న ఉద్యోగస్తుడికి ఐదేళ్ళంటే ఎంత?

నాకు తెలిసిన లెక్క చెప్తా. మాది బత్తలపల్లె దగ్గర. ఇంజినీరింగ్ అయ్యాక బెంగుళూర్లో ఉద్యోగం. రాత్రి పదకొండింటిదాకా క్లయింటు కాల్స్. తెల్లారి క్యాబ్‌లో బారన్స్ మాటలు, మూడున్నర వేలు! పాత విజిటింగ్ కార్డుల వెనక రాసుకుని సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో తిప్పేవాణ్ణి. ఆ ట్రాఫిక్‌కి నేను చాలా ఋణపడి ఉన్నా. 2006లో పరీక్ష రాశాను, మంచి స్కోరే వచ్చింది.

ఆ ఏడు శనక్కాయ పోయింది. చెట్టుంది, కాయ లేదు. నాయన ఫోన్లో "నువ్వు పోరా, మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ 'చూసుకుంటాం' అంటే అర్థమేంటో మా సీమోళ్ళకి చెప్పక్కర్లేదు. అప్లికేషన్ ఫీజులకని దాచిన డబ్బుతో బోరు వేయించాం. నాలుగొందల అడుగుల దాకా దుమ్మే లేచింది. మరుసటేడు రెండో బోరు. తర్వాత చెల్లెలి పెళ్ళి. 2011 వచ్చేసరికి నా స్కోరు చెల్లిపోయింది. అదే ఏడు ఆగస్టులో పరీక్షే మారిపోయింది. యాంటనిమ్స్ లేవు, అనాలజీస్ లేవు. నేను బట్టీపట్టిన మాటల్లో సగం దేనికీ పనికిరావు.

తప్పు నాయనది కాదు, నాదీ కాదు. ఈటీఎస్‌దీ పూర్తిగా కాదనుకోండి, పాతబడిన స్కోరుతో ఇవాళ్టి మనిషిని కొలవలేమంటారు. ఆ వాదనలో న్యాయముంది. కానీ ఆ ఐదేళ్ళలో నా బుర్ర చెడిపోలేదు. అప్పులు లెక్కపెట్టడంలో క్వాంట్ ఇంకా మెరుగైంది.

మన దగ్గరే ఇంకో రకం ఆలోచన కూడా జరిగింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, దేశంలో అదే మొదటిది. ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. ఒకప్పుడు ఇంటరు లేనివాళ్ళు కూడా ఎలిజిబిలిటీ టెస్టు రాసి డిగ్రీలో చేరేవాళ్ళు. మా ఊరి ఆర్టీసీ కండక్టరొకాయన అలాగే బి.ఏ. చేశాడు, డ్యూటీ మానకుండా.

ఇవన్నీ ఆ కుర్రాడికి చెప్పలేదు. ఇంటి దగ్గర పరిస్థితేంటని అడిగా. "నాన్న రిటైరవుతున్నాడన్నా, తమ్ముడు ఇంటరు" అన్నాడు. అయితే ఇప్పుడే రాయొద్దన్నా. ముందు తమ్ముడి ఫీజు సంగతి తేలనీ, చదవడం మాత్రం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టమన్నా. నా కార్డుల డబ్బా ఇస్తానంటే "అవి ఇప్పుడు రావటగా అన్నా" అన్నాడు.