సేమ్ అంటే ఒకటేనా, సమానమా?

హోటల్లో పక్కనున్న ఫ్రెండ్ మసాలా దోశ చెప్తే మనం "నాకూ సేమ్" అంటాం. వాడి దోశ మనకు రాదు, అలాంటిదే ఇంకోటి వస్తుంది. "మనిద్దరిదీ సేమ్ ఊరు" అన్నప్పుడు మాత్రం ఊరు నిజంగానే ఒక్కటే. "సేమ్ టు సేమ్ వాళ్ల తాతే" అంటే పోలిక. "నాకు అందరూ సేమ్" అంటే విలువ. తెలుగులో వీటికి వేరువేరు మాటలున్నాయి: అలాంటిదే, అదే, ఒక్కతీరు, సమానం. ఈ నాలుగు పనులనూ ఇప్పుడు సేమ్ ఒక్కటే చేసేస్తోంది.

ఇంగ్లీషు ఈ మాటను స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాష నుంచి తెచ్చుకుంది. సంస్కృతంలోని 'సమ' కూడా అదే ప్రాచీన మూలం నుంచి వచ్చింది. అంటే సేమ్, సమానం దూరపు చుట్టాలు. అక్కడి మాట 'అదే' అనే అర్థం వైపు మొగ్గింది, మన మాట 'సాటి' అనే అర్థం వైపు. ఈ రెండర్థాల మధ్య తేడా నిఘంటువుకే పరిమితం కాదు. ఎంత పెద్ద తేడానో పాలకుర్తి చరిత్ర చెప్తుంది. నిన్నటిదాకా వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లాలో ఉన్న ఊరు అది.

కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడిది ఈ ఊరే. అప్పటికి తెలుగులో పెద్ద కావ్యమంటే నన్నయ వేసిన దారి: సంస్కృత వృత్తాలు, మధ్యమధ్య వచనం. సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. ద్విపద అంటే పాడుకోవడానికి వీలైన రెండేసి పాదాల దేశి ఛందస్సు. తనది జాను తెనుగు అన్నాడు. అక్కడితో ఆగలేదు. తెలుగే కదా, ద్విపదే కదా అని తేలిగ్గా చూడొద్దు, వేదానికి సాటిగా చూడండి అన్నాడు.

ఇక్కడ ఆయన అడిగినదేమిటో గమనించాలి. తన కావ్యం వేదం లాంటిదని గానీ, తెలుగు సంస్కృతం లాంటిదని గానీ ఆయన అనలేదు. సంస్కృతంలా వినిపించి గౌరవం తెచ్చుకోవడం అప్పటికే తెలిసిన దారి. వేరుగా ఉంటూనే సాటి అనిపించుకోవడం ఆయన పట్టుదల. పోలిక వద్దు, సమానం కావాలి.

ఆ పట్టుదలను లోకం వెంటనే ఒప్పుకుందా? తర్వాతి కాలంలో పిడుపర్తి సోమన అదే బసవపురాణాన్ని పద్యకావ్యంగా తిరగరాశాడు. కథ అదే, భాష కూడా అదే. అయినా మళ్లీ పద్యంలో రాయాలనిపించిందంటే, ద్విపదకు పద్యంతో సాటి మర్యాద ఇంకా దక్కలేదనుకోవచ్చు. ఇంకోవైపు, 1369లో భీమకవి ఈ కావ్యాన్ని ఆధారం చేసుకుని కన్నడలో బసవపురాణం రాశాడు. భాష మారింది, ఛందస్సూ మారింది. మరి మూడూ సేమ్ పుస్తకమా? కథ వరకే చూస్తే అవును. ఎవరి నోట ఎలా నిలబడాలని రాశారో చూస్తే, కాదు.

బసవపురాణం లోపల కూడా ఇదే గొడవ. అందులో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన బసవడితో పాటు మడివాలు మాచయ్య అనే చాకలి భక్తుడు ఉన్నాడు. మాచయ్య శివభక్తుల బట్టలే ఉతుకుతాడు. గొప్పవాడు కావడానికి ఆయన వృత్తి వదిలి బసవడిలా మారనక్కర్లేదు. అయితే ఈ సమానత్వానికో గోడ ఉంది. అది శివభక్తుల మధ్య సమానత్వం. బయటివాడు 'భవి', వాడు సాటి కాడు. సోమనాథుణ్ని మెచ్చుకునేటప్పుడు ఈ గోడను చూడనట్టు దాటిపోవడం సరికాదు.

కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే పాలకుర్తిలో చాకలి వృత్తి చేసే కుటుంబపు మనిషి చిట్యాల ఐలమ్మ. నిజాం పాలనలో చేతివృత్తుల వాళ్లు దొరల గడీలకు వెట్టి చెయ్యాలి. కూలి అడగకూడదు. ఐలమ్మ మల్లంపల్లి దొర భూమి కౌలుకు తీసుకుంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి అది గిట్టలేదు. 1940ల నడుమ ఆమె పంటను ఎత్తుకుపోవడానికి మనుషుల్ని పంపాడు. ఊళ్లల్లో జనం 'సంగం' అని పిలిచిన ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అండగా నిలబడ్డారు. పంట ఐలమ్మ ఇంటికే చేరింది. భూమి అదే, వడ్లు అవే. ఎవరింటికి చేరాయన్న చోటే చరిత్ర మారింది.

ఐలమ్మ దొరసాని కావాలనుకోలేదు. పండించిన పంట మీద దొరకున్నంత హక్కు తనకూ ఉందంది. సోమనాథుడి గోడ ఇక్కడ లేదు. ఏ దేవుడి భక్తురాలివని అడిగే పని లేకుండానే ఆ హక్కు నిలబడింది. ఇద్దరికీ వారసత్వ సంబంధం ఉందని నేననను. ఒకరిది మతం, కవిత్వం. ఇంకొకరిది భూమి. కానీ ఇద్దరి గొడవకూ 'ఒకటే' అనే మాట సరిపోదు, 'సమానం' అనే మాటే కావాలి.

"మనమంతా ఒకటే కదా, ఇంకా కులమెందుకు, యాస ఎందుకు" అని ఇవాళ సులువుగా అనేస్తాం. వినడానికి బాగుంటుంది. కానీ ఒకటి కావడానికి ఎవరు ఎవరిలా మారాలన్న ప్రశ్న అందులో కనపడకుండా పోతుంది. సాధారణంగా మారమనేది కిందున్న వాళ్లనే: యాస మార్చుకో, ఇంటిపేరు చెప్పకు, వృత్తి పేరు దాచుకో.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న చనిపోయింది. 2024లో హైదరాబాద్‌లోని కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం ఆమె పేరు పెట్టింది. బోర్డు మీద చిట్యాల ఐలమ్మ అని లేదు, చాకలి ఐలమ్మ అనే ఉంది.