కట్టడాల కొలత: కాంతి చెప్పే సాక్ష్యం

పవిత్రమైన కట్టడం శిథిలమైనప్పుడు దానిని ఏ కొలతలపై తిరిగి నిర్మించాలి? ముస్లిముల చరిత్రలో ఈ ప్రశ్న తొలి తరంలోనే తలెత్తింది. హిజ్రీ 64 (క్రీ.శ. 683)లో యజీద్ సేనలు మక్కాను ముట్టడించిన సమయంలో కాబా గృహానికి నిప్పంటుకుని గోడలు దెబ్బతిన్నాయి. అప్పుడు మక్కా హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను జుబైర్ (రజి) ఆధీనంలో ఉండేది. ఆయన తన పినతల్లి హజ్రత్ ఆయిషా (రజి) నుండి ఒక హదీసు విని ఉన్నారు. ఖురైషులు కాబాను నిర్మించినప్పుడు ధనం చాలక, హజ్రత్ ఇబ్రాహీం (అలై) పునాదిలో కొంత భాగాన్ని వెలుపల వదిలివేశారని దైవప్రవక్త (స) ఆమెకు తెలిపారు. జనులు అజ్ఞానకాలానికి ఇంకా దగ్గరగా ఉండకపోతే, దానిని పూర్వపు పునాదులపైనే కట్టించి ఉండేవాడినని కూడా సెలవిచ్చారు.

వదిలిన భాగం ఎన్ని మూరలన్న విషయంలో ఉల్లేఖనాలు ఐదు మొదలు ఏడు వరకు చెబుతున్నాయి. ఇబ్ను జుబైర్ (రజి) నేల తవ్వించి, బయటపడిన పునాదిరాళ్ళను ప్రజలకు చూపించి, ఆ తరువాతనే గోడ లేపించారు. హిజ్రీ 73లో ఆయన షహీద్ అయ్యారు. ఆయన చేర్చిన భాగాన్ని తొలగించి పాత రూపానికి తెమ్మని ఖలీఫా అబ్దుల్ మలిక్ హజ్జాజ్‌కు ఉత్తరువు పంపాడు. కొంతకాలానికి హారిస్ ఇబ్ను అబ్దుల్లాహ్, ఆ హదీసును తాను కూడా హజ్రత్ ఆయిషా (రజి) నోట విన్నానని ఖలీఫాకు చెప్పారు. ముందే తెలిసి ఉంటే ఆ కట్టడాన్ని అలాగే ఉండనిచ్చేవాడినని ఖలీఫా విచారించాడు. సాక్ష్యం ఉన్నది, కాని సమయానికి అందలేదు.

ఈ చరిత్రను దృష్టిలో పెట్టుకుని చూస్తే, కట్టడాలను లేజర్ కిరణంతో కొలిచే నేటి విద్య ఎంత అవసరమైనదో అర్థమవుతుంది. దాని పద్ధతి చాలా సులభం. ముక్కాలిపీటపై నిలిపిన యంత్రం గోడ మీదికి కాంతిని పంపుతుంది. గోడను తాకి కాంతి తిరిగి వచ్చేందుకు పట్టిన కాలాన్ని బట్టి దూరం తేలుతుంది. గోడ 15 మీటర్ల దూరంలో ఉంటే, రాకపోకలకు పట్టే కాలం సెకనులో కోటవ వంతు మాత్రమే! యంత్రం చుట్టూ తిరుగుతూ ఇటువంటి కొలతలను లక్షలాదిగా తీసుకుంటుంది. ఒక్కొక్క కొలత ఒక్కొక్క బిందువు. ఒకచోట నుండి కనిపించని మూలలను మరొకచోట నుండి కొలిచి, అన్నింటినీ కంప్యూటరులో జోడిస్తారు. అప్పుడు గుమ్మటం వంపు, మిహ్రాబ్ లోతు, గోడ పగులు సైతం మిల్లీమీటర్ల తేడాతో నమోదైన త్రిపరిమాణ నమూనా సిద్ధమవుతుంది.

ఈ యంత్రాన్ని సులభంగా మోసుకుపోగల రూపంలో 1990లలో తయారుచేయించినవారిలో ముఖ్యుడు బెన్ కసీరా అనే ఇంజనీరు. అమెరికాలో స్థిరపడిన ఈయన జన్మస్థలం ఇరాక్‌లోని మౌసిల్ నగరం. బాల్యంలో తండ్రి వెంట నీనెవా శిథిలాలను చూసి పెరిగినవాడు. 2001 మార్చిలో అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలు పేల్చివేయబడ్డాయి. ఆ వార్త ఆయనను కదిలించింది. ప్రపంచంలోని ప్రాచీన కట్టడాలను కొలిచి భద్రపరచడానికి 2003లో సైఆర్క్ అనే సంస్థను స్థాపించాడు. పద్నాలుగేళ్ళ తరువాత ఆయన పుట్టిన ఊరే అటువంటి విధ్వంసానికి గురైంది.

మౌసిల్ జామె మస్జిద్‌ను కట్టించినవాడు సుల్తాన్ నూరుద్దీన్ మహ్మూద్ జంగీ. సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ ఈయన కొలువులోనే ఎదిగాడు. నిర్మాణం హిజ్రీ 566–568 (క్రీ.శ. 1170–1172) నాటిది. దాని మినార్ ఎత్తు సుమారు 45 మీటర్లు. శతాబ్దాల తరబడి ఒక ప్రక్కకు ఒరిగి నిలిచినందున ప్రజలు దానిని 'అల్ హద్బా', అంటే గూనిది, అని ముద్దుగా పిలుచుకున్నారు. 2014 జూలైలో దాయిష్ నాయకుడు ఈ మస్జిద్ మింబర్ ఎక్కి, ఖలీఫానంటూ ఖుత్బా ఇచ్చాడు. 2017 జూన్ 21న, రమజాన్ మాసపు చివరి రోజులలో, ఆ వర్గమే మస్జిద్‌నూ మినార్‌నూ పేల్చివేసింది. మినార్ పీఠభాగం మాత్రమే మిగిలింది.

2018లో యునెస్కో పునర్నిర్మాణానికి పూనుకున్నది. యు.ఏ.ఇ. ప్రభుత్వం 5 కోట్ల 4 లక్షల డాలర్లు ఇచ్చింది. ఐకోనెమ్ అనే ఫ్రెంచి సంస్థ డ్రోన్ ఛాయాచిత్రాల నుండి పాత నగరపు త్రిపరిమాణ నమూనాను తయారుచేసింది. శిథిలాల నుండి పాత ఇటుకలను ఏరి వేరుచేశారు. మినార్‌ను నిటారుగా కట్టడం సాధ్యమే అయినా, పాత ఒరుగుతోనే నిలబెట్టారు. మౌసిల్ వాసులకు తెలిసిన మినార్ అదే మరి. 2025 సెప్టెంబర్ 1న ఇరాక్ ప్రధానమంత్రి దానిని ప్రారంభించాడు.

అయితే కాంతికి కూడా పరిమితి ఉన్నదని గుర్తించాలి. అది తాకిన పైపొరను మాత్రమే చెబుతుంది. మౌసిల్ మస్జిద్ నేల అడుగున, వుజూకు వాడినవని భావిస్తున్న పురాతన గదులు 2022లో తవ్వకాలలో బయటపడ్డాయి. వాటిని తెలిపినది పలుగూ పారా మాత్రమే. ఇబ్ను జుబైర్ (రజి) పునాది తవ్వించడంలోని వివేకం ఇక్కడ గుర్తుకు వస్తుంది.

మరొక విషయం. సనదు లేని హదీసును ముహద్దిసులు అంగీకరించరు. కొలతకూ అదే నియమం వర్తించాలి. ఎవరు కొలిచారు, ఏ తేదీన, ఏ యంత్రంతో, ఎంత తేడాకు అవకాశమున్నది అనే వివరాలు లేని నమూనా చూడముచ్చటగా ఉండవచ్చును గాని సాక్ష్యం కాజాలదు. యంత్రానికి కనిపించక ఖాళీగా మిగిలిన భాగాన్ని ఊహతో పూరించి, ఆ సంగతి చెప్పకపోవడం, ఉల్లేఖకుడు తన మాటను హదీసులో కలిపినటువంటిదే. పైగా ఈ నమూనాలను పరదేశపు సంస్థ వద్ద ఉంచి నిశ్చింతగా ఉండరాదు. వఖ్ఫ్ ఆస్తి పత్రాల వలె వాటి ప్రతులు ఆ మస్జిద్ బాధ్యులవద్ద కూడా ఉండాలి. కంప్యూటర్లు మారినప్పుడల్లా వాటిని కొత్త రూపంలోకి ఎత్తి రాసుకోవాలి.

ఈ పని మన ప్రాంతానికి దూరమైనదేమీ కాదు. హైదరాబాద్‌లోని కుతుబ్ షాహీ సమాధుల వద్ద 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి చేపట్టిన పునరుద్ధరణలో లేజర్ కొలతలు కూడా భాగమయ్యాయి. ఆ సంవత్సరమే భారీ వర్షాలకు అక్కడి బడీ బావోలీ ఒక వైపు కూలిపోయింది. దానిని తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. గుమ్మటాలపై గత శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి మళ్ళీ సున్నం వాడారు.

సుల్తానుల సమాధులకు ఇంత శ్రద్ధ లభించింది. గ్రామాలలోని పాత మస్జిద్‌లు, ఆషూర్‌ఖానాలు, దర్గాల మాటేమిటి? వాటికి బాంబుల భయం లేకపోవచ్చు. నమాజీల సంఖ్య పెరిగి స్థలం చాలనప్పుడు పాత మస్జిద్‌ను విప్పి కొత్తది కట్టుకోవడం తప్పు కాదు. కాని ఒక్క కొలత, ఒక్క ఛాయాచిత్రం, శిలాశాసనపు నకలు ఒక్కటైనా తీసుకోకుండా విప్పివేస్తే, అక్కడ మూడు వందల ఏళ్ళుగా సజ్దా చేసినవారి ఆనవాలు రికార్డులో లేకుండా పోతుంది. రేపు ఎవరైనా అక్కడ మస్జిద్ ఎప్పటి నుండి ఉన్నదని అడిగితే చూపడానికి ఏమీ మిగలదు. లేజర్ యంత్రం తెప్పించే స్తోమత లేనిచోట టేపు, కాగితం, చేతిలోని ఫోను ఉన్నాయి. తేదీ, కొలిచినవారి పేరు రాసి ఉంచితే అది కూడా సాక్ష్యమే.

తరువాతి కాలంలో ఒక అబ్బాసీ ఖలీఫా, కాబాను మళ్ళీ ఇబ్ను జుబైర్ (రజి) కట్టిన రూపానికి మార్చదలచి ఇమామ్ మాలిక్ (రహ్మలై)ను సలహా అడిగాడు. దానిని రాజుల చేతి ఆటవస్తువుగా చేయవద్దని ఇమామ్ వారించారు. కొలత తెలిసినంత మాత్రాన ప్రతిదాన్నీ కూల్చి కట్టనవసరం లేదని ఈ హితవు బోధిస్తుంది. కంప్యూటరులో నమూనా ఉన్నది కదా అని గోడను నిర్లక్ష్యం చేయడం కూడా ఇటువంటి పొరపాటే. నిలిచి ఉన్న గోడను కాపాడుకోవడం మొదటి బాధ్యత, దాని కొలతను భద్రపరచడం రెండవది. ఈ రెండు అమానతులను నిర్వర్తించే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!