రంగం వెళ్ళిన మనవారు - భాష తెచ్చిన తిప్పలు

శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మన సభ్యులకు "రంగం" అన్న మాట కొత్త కాదు. రంగూనును మన పెద్దలు అలాగే పిలిచేవారు. కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్ళినందువల్ల బర్మాలో తెలుగువారికి "కోరంగీలు" అన్న పేరు పడింది. తరువాత ఇతర రేవుల నుంచి వెళ్ళినవారికీ అదే పేరు.

వెళ్ళినవారిలో ఎక్కువమంది నిరుపేదలు. రేవులో బస్తాలు మోయడం, బియ్యపు మిల్లుల్లో పని, రిక్షా లాగడం వారి జీవనాధారం. బర్మా భాష రాదు. నేర్చుకోవడం సులభమూ కాదు. అక్షరాలు చూపుకు మనవాటిలాగే గుండ్రంగా ఉంటాయి గాని, పలికే స్వరం మారితే అర్థమే మారిపోతుంది. మరి ఎలా నెట్టుకొచ్చారు?

ఒకటి, బజారు హిందుస్తానీ. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే. నాలుగు హిందుస్తానీ ముక్కలతో పని జరిగిపోయేది. తమ రాజధానిలో తామే పరాయి భాషలో బేరమాడవలసి వస్తే బర్మావారికి కష్టం తోచడంలో వింత లేదు.

రెండవ ఆధారం మేస్త్రీ. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి ఓడెక్కించేది అతడే, పని చూపేది అతడే, స్టీవెడోరు కంపెనీతో మాట్లాడేది అతడే. కూలి డబ్బు కూడా అతని చేతిమీదుగానే వచ్చేది. పాత బాకీ, తన వాటా మినహాయించుకొని మిగిలింది ఇచ్చేవాడు. కంపెనీ అసలు ఎంత ఇచ్చిందో కూలీ ఎవరిని, ఏ భాషలో అడగాలి? అయినా మేస్త్రీని ఊరికే తిట్టడం న్యాయం కాదు. అతడు లేకపోతే కొత్తగా దిగినవాడికి పని దొరకడమే కష్టం.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై మే 26న మనవారు తిరిగి రాగానే బర్మావారిని పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనవారే. ఇరువురి కడుపుమంటా ఒకటే. కాని బజారు హిందుస్తానీలో బేరం కుదురుతుంది గాని, అంత మాట చెప్పుకోవడం కుదరదు.

1942లో జపాను దాడికి లక్షలమంది భారతీయులు నడిచి వచ్చేశారు. మిగిలిన కుటుంబాల్లో చాలామంది 1964లో దుకాణాలను జాతీయం చేశాక తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు వారివల్ల వచ్చిందే. అక్కడి బడుల్లో బర్మా అక్షరాలు దిద్దిన పిల్లలు ఇక్కడ మళ్ళీ అ, ఆల దగ్గర మొదలుపెట్టవలసి వచ్చింది.