తేలియా రుమాలు: నూలుకు మెత్తదనం అబ్బిన తీరు

నల్లగొండ సీమలోని పుట్టపాక గ్రామంలో (2016 పునర్విభజన తరువాత ఇది యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది) పద్మశాలీలు నేసే తేలియా రుమాలులో కొత్తబట్టకుండే బిరుసు కానరాదు. తలకు చుట్టినా, భుజాన వేసినా ఒంటికి ఒదిగిపోయే ఈ గుణం నేతకు ముందు నూలుకు వారాల తరబడి చేసే నూనె పని వల్ల అబ్బింది. ఉర్దూలో 'తేల్' అంటే నూనె గనుక బట్టకు ఆ పేరే స్థిరపడింది.

ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీటిలో నానబెట్టి, తేరిన క్షారజలంలో నూనె కలిపి, అందులో నూలు చిలపలను (చుట్టగా తీసిన దారపు కట్టలను) పిసికి ఎండబెట్టడం వారాల తరబడి సాగుతుంది. చల్క నేలల్లో, అంటే వానమీదే ఆధారపడే తేలిక ఎర్రనేలల్లో, నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులు ఆముదాన్ని విస్తారంగా పండించినందువల్ల ఈ బూడిదకు కరువుండేది కాదు. అయితే ఇంత శ్రమ మెత్తదనం కోసం మొదలైంది కాదు. చిరివేరు నుండి, తరువాత 1868లో జర్మనీలో కృత్రిమంగా తయారైన అలిజరిన్ నుండి వచ్చే ఎర్రరంగు, నూలుకు తనంతట తాను అంటదు. క్షారం నూనెను సన్నని బిందువులుగా విడగొట్టి పోగులోకి చొప్పిస్తే, ఆ నూనెలోని ఆమ్లాలు పటికను పట్టి ఉంచుతాయి, పటిక రంగును పట్టి ఉంచుతుంది. ఐరోపాలో 'టర్కీ ఎరుపు'గా ప్రసిద్ధమైన అద్దకానికీ ఇదే మూలసూత్రం. రంగు కోసం పట్టించిన నూనె పోగులో నిలిచి బట్టను మెత్తబరిచింది.

మొదట కోస్తా ఆంధ్రలోని చీరాల నుండి ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు ఎగుమతయ్యేవి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఈ పని నల్లగొండ ప్రాంతానికి చేరి, పడుగునూ పేకనూ, అనగా నిలువు అడ్డపోగులు రెండింటినీ, నేయకముందే చిటికి కట్టి (దారంతో బిగించి) రంగులద్దే పద్ధతి ఇక్కడ వేళ్లూనుకుంది. అదే సీమలోని పోచంపల్లి మగ్గాలు చీరల వైపు మళ్లిన తరువాత, నూనె అక్కరలేని రంగులు రావడంతో, వారాల పనిని ఎగ్గొట్టే వీలు కలిగింది. ఎరుపూ నలుపూ కలిసిన గళ్ల నమూనా మిగిలింది గానీ, ఆ మెత్తదనం చాలా బట్టల్లో మిగలలేదు. నమూనా ఒక్కటే తేలియా కాదు గనుక ఈ నష్టాన్ని చిన్నదిగా చూడరాదు. పుట్టపాక నేతకారుడు గజం గోవర్ధన్‌కు 2011లో పద్మశ్రీ, రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినా, పుట్టపాకలో నూనె పనితో నేసే ఇళ్లు కొన్నే.